ద్రుక్ అంటే ఒత్తిడి: జర్మన్ టర్బో ఇంజిన్లకు నాడి ఎక్కడ చూశారు?

ఈసారి ఒక జర్మన్ మాటతో మొదలుపెడతాను: ద్రుక్.

ద్రుక్ అంటే ఒత్తిడి. పుస్తకం అచ్చు వేయడాన్ని కూడా జర్మన్లు ద్రుక్ అనే అంటారు. తెలుగులోనూ దాదాపు ఇంతే. ఒత్తు అనే మాట నుంచే ఒత్తిడి వచ్చింది, అచ్చొత్తడమూ వచ్చింది. రెండు భాషలూ ఒకే దారిలో ఆలోచించాయని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. బడి పుస్తకాల్లో పీడనం అని రాస్తారు. అది సరైన మాటే. కానీ అందులో నాకు పీడ వినిపిస్తుంది. అందుకని ఇక్కడ ఒత్తిడి అనే రాస్తాను.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక మాట: నేను పుట్టి పెరిగింది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. తెలుగు ఇంట్లో విన్నాను. చదవడం, రాయడం నాకు నేనే నేర్చుకుంటున్నాను. మా ప్రాంతంలో ఎవరింటికి వెళ్ళినా బాష్‌లోనో, డైమ్లర్‌లోనో పనిచేసినవాళ్ళు ఒకరైనా ఉంటారు. అందుకే ఇక్కడ చరిత్ర అంటే రాజులతో పాటు ఇంజిన్లు కూడా.

ఈ వ్యాసంలో ప్రశ్న చిన్నది. టర్బో ఉన్న ఇంజినులో గాలి ఒత్తిడిని కొలవాలి. ఏ చోట కొలవాలి? గొట్టానికి రంధ్రం ఎక్కడ పెట్టాలి? చిన్న ప్రశ్నే గానీ జవాబు తప్పితే పిస్టన్ కరిగిపోతుంది. జర్మన్ ఇంజనీర్లు దీనితో దాదాపు వందేళ్ళు కుస్తీ పట్టారు.

గోదావరి చెప్పే పాఠం

ముందు ఒక ఉదాహరణ. గోదావరికి వరద వస్తే భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది, 53కు మూడోది. అదే నీళ్ళు కిందికి వచ్చి ధవళేశ్వరం చేరాక మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. నది ఒకటే, వరద ఒకటే, అంకెలు వేరు. కోనసీమ రైతు భద్రాచలం అంకెను చూసి తన పొలంలోకి నీళ్ళు ఎంత వస్తాయో నేరుగా చెప్పలేడు. మధ్యలో శబరి కలుస్తుంది, లోయలున్నాయి, ఆనకట్ట ఉంది.

ఇంజినులో గాలి కూడా ఒక నదే. బయటి నుంచి ఫిల్టరులోకి వస్తుంది. టర్బో దాన్ని నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది. తర్వాత త్రాటిల్ అనే తలుపు. ఆ తర్వాత మ్యానిఫోల్డ్ గది, అక్కడి నుంచి ఒక్కో సిలిండరుకు ఒక్కో పాయ. ప్రతి మలుపులోనూ ఒత్తిడి మారుతుంది. కాబట్టి "ఒత్తిడి ఎంత?" అని అడిగితే చాలదు. "ఎక్కడ?" అని కూడా అడగాలి.

ఓడల నుంచి విమానాలకు

టర్బో ఆలోచన స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషిది. ఇంజిను నుంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, దానితో లోపలికి వెళ్ళే గాలిని నొక్కాలన్నది ఆయన ఊహ. 1905లో జర్మనీలో పేటెంటు తీసుకున్నాడు. అది పెద్ద ఎత్తున పనిచేసింది 1920లలో, ప్రాయ్‌సెన్, హాన్జెష్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో. వాటి డీజిల్ ఇంజిన్ల శక్తి 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కు పెరిగింది.

ఓడ సముద్ర మట్టం మీదే తిరుగుతుంది. చుట్టూ గాలి ఒత్తిడి ఎప్పుడూ 1 బార్ దగ్గరే. కొలత గురించి పెద్దగా బెంగ లేదు. విమానానికి అలా కుదరదు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇక్కడ జర్మన్లు ఒక పని చేశారు. ఒత్తిడికి రెండు కొలతలు విడిగా పెట్టుకున్నారు. ఆటా అంటే శూన్యం నుంచి లెక్కపెట్టిన ఒత్తిడి. ఆట్యూ అంటే బయటి గాలికంటే ఎంత ఎక్కువ ఉందో ఆ తేడా. కారు టైరులో గాలిని ఆట్యూల్లో చెప్పేవాళ్ళు. విమానం మ్యానిఫోల్డ్ ఒత్తిడిని ఆటాల్లో చెప్పేవాళ్ళు. 1970ల చివరికి చట్టం బార్‌ను తెచ్చి ఈ రెంటినీ పక్కన పెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో డైమ్లర్-బెంజ్ డీబీ 605ఏ ఇంజినుకు అత్యధిక ఒత్తిడి 1.42 ఆటా. అదే కాలంలో బ్రిటిష్ పైలట్ ముందున్న గడియారం బయటి ప్రామాణిక గాలికంటే ఎన్ని పౌన్లు ఎక్కువో చూపించేది. ఇవి టర్బోలు కావు. ఇంజినే గేర్లతో తిప్పే సూపర్‌ఛార్జర్లు. కానీ కొలత సమస్య ఒక్కటే. ఫోకె-వుల్ఫ్ 190 విమానంలోని బీఎండబ్ల్యూ 801 ఇంజినుకు కొమాండోగెరేట్ అనే పెట్టె ఉండేది. పైలట్ ఒక్క లివరు కదిపితే చాలు. ఆ పెట్టె ఇంధనాన్ని, స్పార్క్ సమయాన్ని, ప్రొపెల్లర్ కోణాన్ని తనే సర్దేది. అందులో ట్రాన్సిస్టర్ ఒక్కటి కూడా లేదు. నూనె, స్ప్రింగులు, గాలి తీసేసిన లోహపు డబ్బీలు మాత్రమే. యుద్ధం కోసం పుట్టిన తెలివి అది. మెచ్చుకోవాలా అని మనసు కొంచెం వెనక్కి లాగుతుంది. కానీ తర్వాత కార్లలోకి వచ్చిన ఆలోచన అదే. అది రాయకపోతే చరిత్ర సగమే అవుతుంది.

1967: డబ్బీలో ఉన్న చెవి

1967లో బాష్ ఒక కొత్త పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. పేరు డీ-జెట్రానిక్. ఆ డీ మన ద్రుక్‌లోని మొదటి అక్షరమే. అమెరికాలో బెండిక్స్ అనే కంపెనీ 1950లలో ఎలెక్ట్రోజెక్టర్ పేరుతో ఇలాంటిదే చేసింది. అది నిలబడలేదు. ఆ పేటెంట్లకు బాష్ లైసెన్సు తీసుకుని పనిని ముందుకు నడిపింది. మొదట వచ్చింది ఫోక్స్‌వాగన్ 1600లో. కారణం అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగ మీద కొత్తగా వస్తున్న నియమాలు. తర్వాత మెర్సిడెస్, పోర్షె 914, వోల్వో, సిట్రోయెన్ కార్లలోకీ వెళ్ళింది.

దాని సెన్సర్‌ను జర్మన్లు ద్రుక్‌ఫ్యూలర్ అనేవారు. ఫ్యూలర్ అంటే తడిమి తెలుసుకునేది. పురుగు మీసాలకు కూడా అదే మాట. మ్యానిఫోల్డ్ నుంచి ఒక రబ్బరు గొట్టం ఆ డబ్బాలోకి వెళ్ళేది. లోపల గాలి తీసి మూసేసిన లోహపు డబ్బీలు. మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి మారితే అవి ఉబ్బేవి, కుంచించుకునేవి. వాటికి తగిలించిన ఇనుప ముక్క తీగచుట్టలో ముందుకీ వెనక్కీ జరిగేది. దాన్ని బట్టి విద్యుత్ సంకేతం మారేది. ఆ సంకేతమే ఇంజక్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించేది.

ఇక్కడ గొట్టం ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. త్రాటిల్ తర్వాత, అన్ని పాయలకూ ఉమ్మడిగా ఉన్న గది నుంచి తీశారు. సిలిండర్ పీల్చే గాలి అక్కడిదే కదా. ఇంజిను ఊరకే తిరుగుతున్నప్పుడు అక్కడ 0.3 నుంచి 0.4 బార్ ఉంటుంది. త్రాటిల్ పూర్తిగా తెరిస్తే బయటి గాలికి దగ్గరగా, 1 బార్ దాకా వస్తుంది.

ఇది ఎక్కువ కాలం సాగలేదు. ఒత్తిడి నుంచి గాలి బరువును లెక్కకట్టాలంటే ఇంజిను ఎంత బాగా పీలుస్తుందో ముందే తెలియాలి. ఇంజిను అరిగితే, వాల్వుల సందు మారితే ఆ లెక్క తప్పుతుంది. 1973 నుంచి బాష్ గాలినే నేరుగా కొలిచే రెండు పద్ధతులు తెచ్చింది: కే-జెట్రానిక్, ఎల్-జెట్రానిక్. ఎల్ అంటే లుఫ్ట్, అంటే గాలి. ఒత్తిడి వెనక్కి వెళ్ళింది.

టర్బో వచ్చింది, ప్రశ్న తిరిగొచ్చింది

సరిగ్గా అప్పుడే టర్బో రోడ్డు మీదికి వచ్చింది. 1973 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో బీఎండబ్ల్యూ 2002 టర్బోను చూపించింది. 170 హార్స్‌పవర్. ముందు బంపరు కింద దాని పేరును అద్దంలో చదివేలా తిరగేసి రాశారు. అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. మొత్తం 1,672 కార్లు చేసి ఆపేశారు. 1974లో పారిస్‌లో పోర్షె 911 టర్బో వచ్చింది. 1980 మార్చిలో జెనీవాలో ఆడి క్వాట్రో వచ్చింది.

క్వాట్రోలో ఇంధనం చూసుకునేది కే-జెట్రానిక్. అది టర్బోకు ముందే గాలిని కొలుస్తుంది. కానీ స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి? సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుని ఉందో తెలియకపోతే ఇది చెప్పలేం. స్పార్క్ తొందరగా ఇస్తే మంట తనంతట తానే పేలుతుంది. పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. అందుకని స్పార్క్ చూసుకునే కంప్యూటర్‌కు మ్యానిఫోల్డ్ నుంచి ఒక సన్నటి గొట్టం లాగారు. సెన్సర్ ఆ పెట్టెలోనే ఉండేది. అంటే ఒకే కారులో ఇద్దరు కాపలాదారులు. ఒకరు నది మొదట్లో, ఇంకొకరు చివర్లో. టర్బో తర్వాత గొట్టం ఊడిపోతే మొదటివాడికి తెలియదు. వచ్చిన గాలినంతా లెక్కపెడుతూనే ఉంటాడు. రెండోవాడికి వెంటనే తెలుస్తుంది.

డీజిల్ కథ, ఆటోనగర్ కథ

డీజిల్ వాళ్ళు ఇదే సమస్యను విద్యుత్తు లేకుండా తీర్చారు. టర్బో డీజిల్ పంపు మీద ఒక డబ్బా ఉంటుంది. మ్యానిఫోల్డ్ నుంచి గొట్టం దానిలోకి వస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఎక్కువ డీజిల్ ఇవ్వడానికి అది అనుమతిస్తుంది. గాలి రాకముందే డీజిల్ ఇస్తే నల్ల పొగ. జర్మన్లో దాని పొట్టి పేరు ఎల్‌డీఏ. బయటి గాలితో పోల్చకుండా శూన్యం నుంచి కొలిచే రకం పేరు ఏఎల్‌డీఏ. 1980లలో అమెరికాకు వెళ్ళిన మెర్సిడెస్ 300డి టర్బో డీజిల్‌లో ఇదే ఉండేది.

ఆ కార్లు నడిపేవాళ్ళకు ఒక జబ్బు బాగా తెలుసు. కారు ఉన్నట్టుండి నీరసపడుతుంది. టర్బో బాగుంటుంది, పంపు బాగుంటుంది. తప్పు ఎక్కడంటే మ్యానిఫోల్డ్ దగ్గర గొట్టం మొదలయ్యే బోల్టు రంధ్రంలో. అందులో మసి, నూనె గడ్డకట్టి ఉంటాయి. డబ్బాకు ఒత్తిడి కబురు అందదు. అది డీజిల్ ఇవ్వదు. సన్నటి తీగతో మసి తీస్తే కారు మళ్ళీ లేస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసిన మా పెదనాన్నగారికి ఇది ఫోనులో చదివి వినిపించాను. ఆయన నవ్వి, "ఇందులో కొత్తేముందిరా, పంపును తిట్టేముందు పైపు ఊది చూడాలి" అన్నారు. ఆయన పంపును మైకో పంపు అంటారు. ఆ మాట వెనక కూడా జర్మనీ ఉంది. 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరే మైకో. బాష్ పంపులు, ప్లగ్గులు అక్కడ తయారయ్యేవి. 2008లో పేరు బాష్ లిమిటెడ్ అయింది. ఆటోనగర్‌లో అది ఇంకా మైకోనే.

కొండ ఎక్కితే తెలుస్తుంది

శూన్యం నుంచి కొలవాలా, బయటి గాలి నుంచి కొలవాలా? ఒక లెక్క చూద్దాం. టర్బో బయటి గాలికంటే 0.8 బార్ ఎక్కువ ఇస్తోందనుకోండి. సముద్ర మట్టం దగ్గర మ్యానిఫోల్డ్‌లో మొత్తం 1.8 బార్. తిరుమల కొండ మీద బయటి గాలి 0.9 బార్ దగ్గర ఉంటుంది. అక్కడ మొత్తం 1.7. ఆల్ప్స్‌లో 2,500 మీటర్ల ఎత్తున్న కనుమలో బయటి గాలి 0.75 బార్. మొత్తం 1.55 మాత్రమే. తేడా చూపే మీటరు మూడు చోట్లా 0.8 అనే చెబుతుంది. దాన్ని నమ్మి ఒకే కొలత ఇంధనం పోస్తే కనుమలో పొగ చిమ్ముతుంది.

సరే, కొండ మీద కూడా 1.8 కావాలని పట్టుబడితే? కింద టర్బో గాలిని 1.8 రెట్లు నొక్కితే చాలు. కనుమలో 2.4 రెట్లు నొక్కాలి. చక్రం వేగం హద్దు దాటవచ్చు. అందుకే ఈనాటి కంప్యూటర్లకు బయటి గాలి ఎంతుందో చెప్పే మరో సెన్సర్ కూడా ఉంటుంది.

సిలికాన్ వచ్చాక

1954లో అమెరికాలో చార్లెస్ స్మిత్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి కనిపెట్టాడు. సిలికాన్‌ను నొక్కితే దాని విద్యుత్ నిరోధం బాగా మారుతుంది. కార్లలోకి రావడానికి దీనికి చాలా ఏళ్ళు పట్టింది. బాష్ 1995 నుంచి ఇలాంటి సూక్ష్మ సెన్సర్లను పెద్ద ఎత్తున చేస్తోంది. ఆ ఫ్యాక్టరీ రాయ్‌ట్‌లింగెన్‌లో, మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. గోరుకన్నా చిన్న ముక్క మీద వెంట్రుక మందం కూడా లేని పొర. అది వంగితే సంకేతం మారుతుంది. ఇక పొడవాటి గొట్టం అవసరం లేదు. సెన్సర్‌నే మ్యానిఫోల్డ్‌కు బిగించవచ్చు. చౌక అయింది కాబట్టి ఒకటి బదులు రెండు పెట్టారు. జర్మన్ వర్క్‌షాపులో వాటికి రెండు పేర్లు. త్రాటిల్‌కు ముందున్నది లాడెద్రుక్ సెన్సర్. త్రాటిల్ తర్వాత ఉన్నది జౌగ్‌రోర్‌ద్రుక్ సెన్సర్. లాడెన్ అంటే లోడు ఎక్కించడం. జౌగెన్ అంటే పీల్చడం. మొదటిది టర్బో ఎంత ఎక్కించిందో చెబుతుంది. రెండోది ఇంజిను ఎంత పీల్చుకోగలదో చెబుతుంది.

ఇంత చరిత్ర నుంచి వచ్చిన జవాబు

పాత ఇంజినుకు ఇప్పుడు ఒకే ఒక్క సెన్సర్ పెట్టాలనుకోండి. ఎక్కడ పెట్టాలి?

టర్బో మూతి దగ్గర వద్దు. అక్కడ గాలి ఇంకా వేడి. ఉదాహరణకు అక్కడ 1.9 బార్, 110 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ దాటాక 1.8 బార్, 45 డిగ్రీలు. ఒత్తిడి తగ్గింది, కానీ గాలి చిక్కబడింది. మొదటి చోటి అంకెలతో లెక్కకడితే అసలు గాలికంటే సుమారు 12 శాతం తక్కువ వస్తుంది. ఇంధనం అంత తక్కువ పడుతుంది. పూర్తి బరువు మీద, టర్బో గట్టిగా ఊదుతున్నప్పుడు ఇంధనం తక్కువైతే వేడి పెరుగుతుంది. పిస్టన్ కరిగేది ఇక్కడే.

త్రాటిల్‌కు ముందూ వద్దు. మీరు కాలు తీయగానే త్రాటిల్ మూసుకుంటుంది. దాని ముందు 1 బార్ లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. వెనక 0.35. ముందున్న అంకెను నమ్మితే మూడు రెట్ల ఇంధనం పోస్తారు.

ఒక్క సిలిండర్ పాయలోనూ వద్దు. వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ అక్కడ ఒత్తిడి ఎగిరి పడుతుంది. అది ఒక ఇంటి కబురే గానీ ఊరి కబురు కాదు. ప్రతి సిలిండరుకూ విడి త్రాటిల్ ఉంటే అన్ని పాయల నుంచీ సన్న గొట్టాలు తీసి ఒక చిన్న డబ్బాలో కలిపి, అక్కడ కొలుస్తారు.

మిగిలింది త్రాటిల్ తర్వాతి ఉమ్మడి గది. 1967లో డీ-జెట్రానిక్ ఎంచుకున్న చోటే. రంధ్రం పై వైపు నుంచి తీయాలి, సెన్సర్ రంధ్రం కంటే ఎత్తులో ఉండాలి, అప్పుడు నూనె, తేమ గొట్టంలో నిలవవు. గొట్టం పొట్టిగా ఉండాలి. బ్రేకు బూస్టర్ గొట్టంతో పంచుకోకూడదు. గాలి వేగంగా పరిగెత్తే ఇరుకు చోటు పనికిరాదు, ఎందుకంటే పరిగెత్తే గాలి పక్క గోడను తక్కువ ఒత్తుతుంది.

ఈ చివరి మాట చిన్నదేం కాదు. 1988లో ఫార్ములా వన్ టర్బోలకు 2.5 బార్ హద్దు పెట్టింది. దానికోసం మ్యానిఫోల్డ్ మీద ఒక వాల్వు బిగించారు. హద్దు దాటితే అది తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. అమెరికాలోని కార్ట్ పందేల్లో కూడా ఇలాంటి వాల్వే ఉండేది. గాలిని వాల్వు కింద వేగంగా పరిగెత్తిస్తే వాల్వుకు ఒత్తిడి తక్కువగా కనిపిస్తుంది, ఇంజినుకు ఎక్కువే అందుతుంది. 2001లో డెట్రాయిట్ పందెం దగ్గర వాల్వు కింద ఒక స్పేసర్ పెట్టాలని అధికారులు అన్నారు. ఇంజిన్ కంపెనీల మధ్య పెద్ద గొడవే అయింది. వాల్వులో ఏ మార్పూ లేదు. అది కూర్చున్న చోటు గురించే ఆ గొడవంతా.

వైద్యుడు నాడిని మణికట్టు దగ్గరే చూస్తాడు. ప్రాణం అక్కడ ఉండి కాదు, అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి. ఇంజినుకు మణికట్టు ఎక్కడో వెతకడానికి జర్మన్లకు ఓడలు, విమానాలు, కార్లు, లారీలు అన్నీ కావలసి వచ్చాయి. దొరికిన చోటు చివరికి మామూలుగానే ఉంది: పీల్చేవాడికి అతి దగ్గరగా, కానీ గాలి కాస్త కుదురుగా ఉన్న చోట.

ఈసారి నేర్చుకున్న మాటలు

ద్రుక్: ఒత్తిడి, అచ్చు.
ఫ్యూలర్: తడిమి తెలుసుకునేది. ఇప్పుడు జర్మన్లు కూడా సెన్సర్ అనేస్తున్నారు.
ద్రోసెల్: త్రాటిల్. గొంతు అనే పాత మాట నుంచి వచ్చింది. గొంతు నొక్కడం అన్న తెలుగు మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.
కనుమ: రెండు కొండల మధ్య దారి. పండగ పేరుగానే నాకు ఇంతకాలం తెలుసు.

మీ ఊళ్ళో మెకానిక్కులు పంపు మీది ఆ డబ్బాను ఏమంటారు? మా పెదనాన్నగారు "టర్బో డబ్బా" అంటారు. ఇంకో పేరు ఉంటే చెప్పండి, రాసి పెట్టుకుంటాను.